చెప్పకుండా మానేసిన వర్కర్‌కి మనం ఏమైనా బాకీనా?

ఆటోనగర్ షెడ్డు:
గాజువాక ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు, పద్నాలుగు మంది పనివాళ్ళు. పండక్కని శ్రీకాకుళం వెళ్ళిన వెల్డర్ కనుమ అయిన రెండో రోజుకి రావాలి. మూడు వారాలు పత్తా లేడు, ఫోన్ స్విచాఫ్. గేట్ల ఆర్డరు ఆగిపోయి పార్టీతో మాటలు పడ్డాను. పేరు కొట్టేసి వేరే అతన్ని పెట్టుకున్నాను. నిన్న బావమరిదిని వెంటేసుకొచ్చి నా పని నాకు కావాలంటున్నాడు. చెప్పకుండా పోయినవాడికి నేను చెయ్యాల్సింది ఏమైనా ఉందా?

పాత పర్సనల్ ఆఫీసర్:
ఉందండీ. రాలేదంటే మానేసినట్టు కాదు. ఫలానా తేదీలోగా రండి, లేదా కారణం చెప్పండి అని ఇంటి అడ్రసుకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాలి. జవాబు రాకపోతే ఇంకొకటి. ఆ తర్వాతే విచారణ, అందులో ఆయన మాట కూడా వినాలి. 1993లో డి.కె. యాదవ్ కేసులో ఇదే గొడవ. ఎనిమిది రోజులు దాటితే ఉద్యోగం దానంతటదే పోతుందని కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్‌లోనే, అంటే పనివాళ్ళకి రాసిపెట్టిన నియమాల్లోనే ఉంది. అయినా వినకుండా తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చి, పనిలోకి తీసుకోమంది, పాత జీతంలో సగం ఇమ్మంది.

ఎన్ఏడీ కుర్రాడు:
సార్, రిజిస్టర్డ్ పోస్టు 2025లోనే స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

పాత పర్సనల్ ఆఫీసర్:
స్పీడ్ పోస్టే అనుకోండి. అందినట్టు రుజువు ఉండాలి, అంతే.

ఆటోనగర్ షెడ్డు:
వాట్సాప్‌లో నాలుగు మెసేజ్‌లు పెట్టాను. ఒక్క టిక్కే పడింది. అది చాలదా?

పాత పర్సనల్ ఆఫీసర్:
ఒక్క టిక్కు అంటే అతనికి చేరనే లేదని మీరే ఒప్పుకున్నట్టు.

ఆటోనగర్ షెడ్డు:
స్టాండింగ్ ఆర్డర్స్, విచారణ ఇవన్నీ పెద్ద కంపెనీలకి. కొత్త లేబర్ కోడ్‌లో మూడొందల మంది ఉంటేనే కదా అవి?

పాత పర్సనల్ ఆఫీసర్:
స్టాండింగ్ ఆర్డర్స్‌కే ఆ లెక్క. మనిషి మాట వినకుండా తీసేయొచ్చని దాని అర్థం కాదు.

లేత్ మిషన్:
ఈ నీతులు చెప్పేవాళ్ళు ఒక్క పండగ సీజన్ షెడ్డు నడిపి చూడాలి.

పెందుర్తి వెల్డర్:
నడిపేవాళ్ళ సంగతి మేమూ చూశాం. మా తమ్ముడు పరవాడ వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేసేవాడు. కామెర్లొచ్చి రూములో పడుంటే, సూపర్‌వైజర్ చేసిందల్లా గేటు పాసు ఆపించడం. పక్క రూమువాళ్ళు కేజీహెచ్‌కి తీసుకెళ్ళారు. మనిషి కనపడకపోతే ముందు బతికున్నాడా లేదా చూడరా?

ఆటోనగర్ షెడ్డు:
నేను కంపెనీ కాదు బాబూ. పొద్దున షట్టరు తీసేదీ నేనే, రాత్రి లెక్క రాసేదీ నేనే.

పెందుర్తి వెల్డర్:
అయితే సూటిగా చెప్పండి. మూడు వారాలు ఎందుకు రాలేదన్నాడు?

ఆటోనగర్ షెడ్డు:
అడగలేదు. ఏదో ఒకటి చెప్తాడు.

పాత పర్సనల్ ఆఫీసర్:
అడగకుండా ఎలాగండీ? కావాలని మానాడా, రాలేక మానాడా అన్నది చూడకుండా రాకపోవడాన్నే తప్పుగా కట్టొద్దని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో కోర్టు చెప్పింది. ఆయన ప్రభుత్వోద్యోగి అనుకోండి, న్యాయం ఒకటే. ఇంతకీ ఈఎస్ఐ, అదే కార్మికుల ఆరోగ్య బీమా, కట్టారా? పది మంది ఉన్నా ఉండాలి.

లేత్ మిషన్:
ఇంక ఈఎస్ఐ మొదలైంది!

పెందుర్తి వెల్డర్:
ఈఎస్ఐ తర్వాత. పండక్కి ముందు చేసిన రోజుల డబ్బులిచ్చారా?

ఆటోనగర్ షెడ్డు:
పది రోజుల జీతం చేతిలో ఉంచుకోవడం మా లైన్లో చాలామంది చేసేదే. మొత్తం చేతిలో పెట్టేస్తే ఊరెళ్ళినవాడు తిరిగొస్తాడా?

పెందుర్తి వెల్డర్:
ఇదీ అసలు సంగతి! పని కోసం కాదు, ఆ పది రోజుల డబ్బు కోసం వచ్చాడు వాడు. ఉత్తరం, విచారణ అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం. వాడి చెమట మీ దగ్గర తాకట్టా?

ఆటోనగర్ షెడ్డు:
నోరు జాగ్రత్త. పండక్కి అడ్వాన్స్ ఇచ్చింది నేనే, మీరు కాదు.

పాత పర్సనల్ ఆఫీసర్:
ఇద్దరూ కాస్త ఆగండి. రాని రోజులకే జీతం కోయాలి, చేసిన రోజులకి కాదు. వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. మనిషిని తీసేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అడ్వాన్స్ పట్టుకోవచ్చు, కానీ కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. అడ్వాన్స్ ఎంత?

ఆటోనగర్ షెడ్డు:
ఇరవై వేలు. వాడు పదిహేనంటున్నాడు.

పెందుర్తి వెల్డర్:
కాగితం ఉందా?

ఆటోనగర్ షెడ్డు:
మా దగ్గర నోటి మాటే. అడ్వాన్స్ సంగతి తేలాకే జీతం.

పెందుర్తి వెల్డర్:
జీతం ఇచ్చాకే అడ్వాన్స్ సంగతి.

ఆటోనగర్ షెడ్డు:
అది మీ షెడ్డులో చేసుకోండి.