ఇంట్లో తీసిన కామెడీ వీడియోని ఊరూరా మళ్ళీ తీస్తున్నారు, దీనికే ఎందుకంత గిరాకీ?

తిరుచానూరు_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మ, పెద్దమ్మ చేసిన ఒక వీడియో గురించి అడగాలి. పెద్దమ్మ "సరే, పోయొస్తా" అని లేస్తుంది, ఏదో గుర్తొచ్చి వాకిట్లో నిలబడిపోతుంది, చెప్పులేసుకుని మళ్ళీ "పోయొస్తా" అంటుంది, గేటు దగ్గర ఇంకో కథ మొదలుపెడుతుంది, చివరికి మా అమ్మ "చీకటి పడింది, సంగటి తినేసి పో అక్కా" అని లోపలికి లాక్కొస్తుంది. అంతే. ఇంటి వాట్సాప్ గ్రూపు కోసం ఫోన్ కిటికీకి ఆనించి తీశాం. పిన్ని కొడుకు ఇన్‌స్టాలో పెట్టాడు. ఇప్పుడు కుప్పం, మదనపల్లె, వేలూరు వాళ్ళు కూడా వాళ్ళిళ్ళలో తీసి పెడుతున్నారు. ఒకరు టమోటా మార్కెట్లో రైతుకీ మండీ ఆయనకీ మధ్య తీశారు, హాస్టల్ పిల్లలు ఫోన్ పెట్టేయలేని ప్రేమికులుగా మార్చారు. లైటు, మైకు పెట్టి కష్టపడి తీసినవి ఎవరూ చూడలేదు, దీన్నే ఎందుకు పట్టుకున్నారు? ఒకాయనైతే మా వీడియోనే దించుకుని తన పేరుతో పెట్టేశాడు. నాన్నకు టెన్షన్, మొత్తం తీసేయమంటున్నాడు.

లీలామహల్_సర్కిల్:
మీ వీడియోలో అందరికీ దొరికేది ఆ వరస చెల్లెమ్మా. లేవడం, ఆగడం, మళ్ళీ లేవడం. మనుషులు మారినా అది నిలబడుతుంది. 2013 ఫిబ్రవరిలో హార్లెం షేక్ అని వచ్చింది, గుర్తుందా? అర నిమిషం వీడియో, మొదటి సగంలో ముసుగేసుకున్న ఒక్కడు ఆడుతుంటే పక్కనోళ్ళు పట్టించుకోరు, పాట మారగానే అందరూ ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంటారు. ఆఫీసుల్లో తీశారు, సైనికులు తీశారు, ఈత కొలనులో నీళ్ళ కింద కూడా తీశారు. డాన్స్ రానక్కర్లేదు, ఒక్కసారి చూస్తే ఎలా తీయాలో తెలిసిపోతుంది. ఇంకో సంగతి, దాన్ని మొదలుపెట్టింది ఒకరు, ఆ సగం-సగం పద్ధతి కుదిర్చింది మాత్రం అది చూసి తమది తీసిన ఆస్ట్రేలియా కుర్రాళ్ళు. అంటే తర్వాత తీసేవాళ్ళు కాపీ కొట్టడమే కాదు, కొంత కలుపుతారు కూడా. మన గంగజాతర చూడండి, బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఏటా అవే, అయినా జనం చూడ్డానికి వస్తారు కదా, ఈసారి ఎవరు ఎలా వేశారో అని. మీ పెద్దమ్మ "పోయొస్తా" కూడా అట్లాంటి వేషమే అయింది. దయచేసి తీసేయొద్దు.

చిత్తూరు_ఎడిటర్:
రెండు విషయాలు కలిపేయకండి. మీ ఐడియా చూసి సొంతంగా తీసుకున్నవాళ్ళని ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా, కాపీరైట్ ఐడియాకి ఉండదు, తీసిన వీడియోకి ఉంటుంది. దించుకుని పెట్టినాయన సంగతి వేరు, అది మీ వీడియోనే, కాబట్టి ఆ యాప్‌లోనే కాపీరైట్ కింద రిపోర్ట్ చేయండి. మీ ఆడియో వాడుకుని తీసినవాళ్ళ వీడియోల్లో ఆ ఆడియో నొక్కితే మీ పేరు కనిపిస్తుంది, అక్కడి నుంచి మీ పేజీకి రావచ్చు, అది మీకు మంచిదే. ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు మాత్రం ఇంకో చోట కూడా దాచుకోండి. 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆపేసినప్పుడు, ఫైలు వేరే దాచుకోని వాళ్ళ వీడియోలు చాలా పోయాయి.

పీలేరు_పద్మ:
నేను కొంచెం వేరేగా చెప్తా. మండీ వీడియో నాకు భలే నచ్చింది, అందులో వాళ్ళ బతుకు ఉంది. కానీ కొందరు మన యాసని వెక్కిరించడానికే తీస్తున్నారు, పెద్దమ్మ లాగా చీర కట్టుకుని, నోరు వంకర తిప్పి, "పల్లెటూరి ఆడోళ్ళు ఇంతే" అని పైన రాసి. అక్కడ నవ్వు గేటు దగ్గర మాటల మీద కాదు, మనిషి మీద. మీ వీడియోలో ఆ ఇద్దరి మధ్య ప్రేమ కనిపిస్తుంది, విడిచి పోలేకపోవడమే అందులో కామెడీ. అట్లా వెక్కిరించే వాటిని మీ పేజీలో షేర్ చేయకండి, బాగున్నవాటినే చేయండి. ముందు పెద్దమ్మని అడగండి, ఆమె ముఖం కదా ఊరంతా తిరుగుతోంది. నాన్నగారి మాట కన్నా ఆమె మాట ముఖ్యం.

తిరుచానూరు_అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. పెద్దమ్మని అడిగాను పద్మక్కా. వీడియో ఉంచమంది, కానీ కింద కామెంట్లు చదివి వినిపించొద్దు అంది, చీర కట్టుకుని తీసినవి ఆమెకు అసలు చూపించలేదు. రిపోర్ట్ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు. మండీ వాళ్ళకి అమ్మ తరఫున కామెంట్ పెట్టాను.