మంచివాడు చెడ్డమనిషి యొకడె (ఈ వారం సమస్య)

లంక మాస్టారు:
ఈ సమస్య నాది కాదు, మా మనవరాలిది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన గోదారి వరదకి మా లంకలో (ఏటి మధ్య దిబ్బ మీది ఊరు మాది) నీళ్లు అరుగు ఎక్కేశాయి. ఒకాయన పడవ వేసుకొచ్చి, అప్పటికి మూడేళ్ల పిల్లని భుజాన ఎత్తుకుని ఏటిగట్టు మీద దింపాడు. మొన్న అదే మనిషి రాత్రిపూట మా తోటలో కొబ్బరికాయలు దింపుకుపోతూ దొరికాడు. అందరూ తలో మాటా అంటుంటే అది నా పంచె పట్టుకు లాగి, "తాతా, మంచాయనా చెడ్డాయనా ఒకళ్లేనా?" అంది. నాకు నోట మాట రాలేదు. దాన్నే ఆటవెలది పద్యానికి చివరి పాదంగా ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ముందు నా పూరణ:

పడవ వేసి వరద బారి దాటించెను
తోట కాయలన్ని దోచినాడు
రెండు చేసినట్టి రెక్క యొక్కటె తాత
మంచివాడు చెడ్డమనిషి యొకడె?

రాజోలు అక్కయ్య:
మాస్టారూ, "రెక్క" దగ్గర ఆగిపోయానండీ. పిల్లని మోసిందీ, చెట్టెక్కిందీ ఆ రెక్కే. మొదటి రెండు పాదాల్లో కర్త లేడు, లోపమే. అయినా ఆయన్ని "దొంగ" అనో "దేవుడు" అనో పిలవకుండా వదిలేయడమే నాకు నచ్చింది. నా పూరణ:

పైరు పెంచు నీరె పల్లె ముంచెడి నీరు
గట్టు దాటకున్న గంగ యగును
మనసు గట్టు తెగిన మరునాడు చూడగా
మంచివాడు చెడ్డమనిషి యొకడె

అమలాపురం అన్నయ్య:
అక్కయ్య గారూ, గోదారి ఒడ్డున కూర్చుని గంగ ఎందుకండీ? "గట్టు దాటకున్న గౌతమి యగు" అనండి. గణాలు (గురులఘువుల లెక్క) సరిపోతాయి, అ-ఔ మైత్రి ఉంది కాబట్టి గ-గౌ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జోడీ) చెల్లుతుంది. ఇంకో మాట. 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే కదా ఈ నీరు డెల్టాకి అన్నమయింది. ఏటికైతే గట్లు వేశారు, వరదొస్తే రాత్రంతా కాపలా కాస్తారు. పని దొరకని నెలల్లో ఆ పడవాయన గట్టుకి ఎవరు కాపలా ఉన్నారు? అది పద్యంలోకి రాలేదు.

రాజోలు అక్కయ్య:
నిజమేనండీ, ఆ వైపు ఆలోచించలేదు. మాది గోదారి వసిష్ఠ పాయ ఒడ్డు, అయినా గౌతమి పాయ పేరే ఉంచుతాను. ధవళేశ్వరం దాకా రెండూ ఒకటే నీళ్లు.

లంక మాస్టారు:
కర్ణుడి మీద నాలుగు పూరణలొచ్చాయి. దానం చేసినవాడూ, నిండుసభలో ద్రౌపదిని నిందించినవాడూ ఒకడేనని. ధార బాగుంది. కానీ అడిగింది ఆరేళ్ల పిల్ల, దాని కంటికి కనిపించేదేదో ఉండాలి.

కొత్తపేట కుర్రాడు:
మాస్టారూ, నాకిదే మొదటిసారి. తప్పులుంటే దిద్దండి.

చీమ కింత నూక చేతితో వేసెను
కుట్టగానె దాని నులిమివేసె
మాట రాక చూసె మా బాబు నా వంక
మంచివాడు చెడ్డమనిషి యొకడె

అమలాపురం అన్నయ్య:
తమ్ముడూ, రెండో పాదంలో యతి తప్పింది. కు-ను కుదరదు. టెన్షన్ పడకు, "నులిమి" మాత్రం తీయొద్దు, పద్యానికి ప్రాణం అదే. "నొప్పి పుట్టగానె నులిమివేసె" అంటే చాలు, నొ-ను చెల్లుతుంది. పైగా కారణం కూడా వచ్చింది. "కుట్టగానె" అంటే తప్పు చీమది. "నొప్పి పుట్టగానె" అంటే అది పిల్లాడి లోపల జరిగింది. అందరం పడవాయన్ని చూస్తున్నాం, నువ్వొక్కడివే పిల్లాణ్ణి చూశావు. మూడో పాదం ముట్టుకోకు.

కొత్తపేట కుర్రాడు:
దిద్దుకున్నానన్నయ్యా. నాకు గణాలు కుదరడమే గొప్పనిపించింది, ఆ తేడా తెలియలేదు. నిజంగా జరిగిందే. చూపుడువేలుకి నలిగిన చీమ అంటుకుని ఉంది, ఆ వేలు అలాగే పైకెత్తి నా వంక చూశాడు.

లంక మాస్టారు:
పూరణలన్నీ మనవరాలికి చదివి వినిపించాను. గోదారి పద్యానికి ఊ కొట్టింది. చీమ పద్యం మాత్రం రెండుసార్లు చదివించుకుని, "బాబు మళ్లీ నూక వేశాడా?" అని అడిగింది. నువ్వే చెప్పాలి, బాబూ.

కొత్తపేట కుర్రాడు:
వేశాడండీ. మర్నాడు పొద్దున్నే, గుమ్మంలో నిలబడి, దూరం నుంచి.