"నా ఉద్యమం వలన రోడ్డు": పర్లాకిమిడిలో పంచిన ఒక ఉత్తరం

మొన్న మా వీధిలో ఇంటింటికీ ఒక ఉత్తరం పంచారు. ఒకవైపు ఒడియా, వెనకవైపు తెలుగు. రాసిన ప్రజాప్రతినిధి ఎవరో, ఏ పార్టీయో ఇక్కడ వద్దు, గొడవలైపోతాయి. తెలుగు వైపు మూడో లైను ఇది: "నా ఉద్యమం వలన మీ వీధికి సిమెంటు రోడ్డు మంజూరు చేయించడమైనది."

మా అమ్మ చదివి, "రోడ్డు కోసం ఈయన ఎప్పుడు ధర్నా చేశాడ్రా?" అంది.

ధర్నా లేదు, ఏమీ లేదు. ఒడియాలో 'ఉద్యమ' అంటే ప్రయత్నం. హత్యాయత్నాన్ని కూడా 'హత్యా ఉద్యమ' అనే అంటారు. సంస్కృతంలోనూ పూనిక, ప్రయత్నం అనే అర్థం ఉంది. మన దగ్గరే ఆ మాట జెండా పట్టుకుని రోడ్డెక్కింది. ఆ కిందే ఇంకో ఆణిముత్యం: "తాగునీటి కోసం చేష్ట చేయుచున్నాను." ఒడియా 'చేష్టా' కూడా ప్రయత్నమే పాపం. మనకేమో చేష్టలనగానే కోతి గుర్తొస్తుంది.

ఇవి నవ్వుకుని వదిలేసేవి. నాకు అసలు అనుమానం 'మంజూరు చేయించడమైనది' మీద. ఎవరు చేశారు? ఎవరు చేయించారు? మీరేమంటారు?

బరంపురం నుంచి ఒకరు:
'చేయించడమైనది' అంటే చేసినవాడు కనబడడు మాస్టారూ. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్లో, ఆయన వాడుక భాష కోసం అంత పోరాడాక కూడా, ఇంటికొచ్చే ఉత్తరంలో ఇదా? చక్కగా "అడిగాను, ఇచ్చారు" అంటే ఏం పోయింది? (ఆ పోరాటాన్ని మాత్రం ఉద్యమం అనొచ్చు.)

రాయగడ నుంచి ఒకరు:
నన్నడిగితే కిటుకంతా '-ఇంచు'లో ఉందండీ. "ఇల్లు కట్టాడు" అంటే మేస్త్రీ, "కట్టించాడు" అంటే డబ్బు పెట్టినవాడు. తెలుగులో చేయించినవాడిదే సొమ్మని మనం అలవాటుగా అనుకుంటాం. నాయకుడు "రోడ్డు వేయించాను" అనగానే జేబులోంచి తీసినట్టు వినబడుతుంది. 'నా నిధుల నుంచి' అని కూడా చేర్చితే ఇక చెప్పక్కర్లేదు. ఎంపీలనే చూడండి. 1993లో మొదలైన ఎంపీ లాడ్స్‌లో, అంటే స్థానిక అభివృద్ధి పనులకని ఎంపీల పేరిట ఉండే నిధుల పథకంలో, ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. అది కేంద్ర ప్రభుత్వం డబ్బు. ఎంపీ పని సిఫారసు చేయడం వరకే, మంజూరు చేసి పని చేయించేది జిల్లా అధికారులు. అంటే ఆ 'ఇంచు' న్యాయంగా కలెక్టరాఫీసుది. 'సిఫారసు చేశాను' అనే నిజమైన మాట ఉండగా ఎవరూ రాయరు, చిన్నగా ఉంటుందని కాబోలు.

'మంజూరు' కూడా తమాషా మాటే. అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చింది. 'నజర్' అంటే చూపు, దానికి చుట్టమే ఇది. మూలార్థం 'చూడబడినది', దాన్నుంచి 'ఒప్పుకున్నది'. కాగితాన్ని ఎవరో చూశారు, అంతే. కంకర పడిందని అందులో ఎక్కడా లేదు.

మళ్లీ నేను:
'ఇంచు' సంగతి నాకు తట్టలేదండీ. మా అమ్మకి చదివి వినిపించాను. "అయితే మన డబ్బుతో మనకే వేయించాడన్నమాట" అంది.

బరంపురం:
ఇంతకీ రోడ్డు పడిందా?

నేను:
కొలతలు తీసుకెళ్లారు. సున్నంతో గీతలు కూడా గీశారు. మొన్నటి వానకి అవి పోయాయి.