వెర్షన్ నంబర్ సోర్స్ ఫైల్లో దానంతటదే మారాలా, వద్దా?

నలుగురిలో_ఒకడు:
మా టీమ్‌లో నలుగురం. కోడ్ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) ఉంది. ప్రతి కమిట్‌కీ (మార్పుల్ని అందులో భద్రపరిచే ప్రతిసారీ) వెర్షన్.హెచ్ ఫైల్లో నంబర్ ఒకటి పెరిగేలా ప్రీ-కమిట్ హుక్ (కమిట్‌కి ముందు దానంతటదే నడిచే స్క్రిప్ట్) రాశాను. ఇప్పుడు ఏ రెండు బ్రాంచీలు (విడివిడిగా సాగే కోడ్ దారులు) మెర్జ్ చేసినా, అంటే కలిపినా, ఆ ఒక్క లైన్ దగ్గరే కాన్‌ఫ్లిక్ట్. అటు 118, ఇటు 121. ఏది ఉంచాలి? హుక్ తీసేద్దామంటే కస్టమర్ దగ్గర నడుస్తున్నది ఏ బిల్డో తెలీదని టెన్షన్.

బిల్డ్‌రాయుడు:
ఏది ఉంచినా అబద్ధమే. 118 అనేది రెండు బ్రాంచీల్లోనూ పుట్టింది, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. పైగా హుక్ క్లోన్‌తో (ప్రాజెక్ట్ కాపీతో) పాటు రాదు. రేపు ఐదో మనిషి చేరితే అతని కమిట్లకి నంబరే పెరగదు. దాన్ని సోర్స్‌లోంచి తీసేసి, బిల్డ్ సమయంలో గిట్ డిస్క్రైబ్ కమాండ్‌ని అడగండి. 2.3-14-జి7091482 లాంటిది ఇస్తుంది: 2.3 ట్యాగ్ (ఒక కమిట్‌కి మనం పెట్టిన పేరు) తర్వాత 14 కమిట్లు, చివర్లో గిట్‌కి గుర్తుగా ‘జి’, ఆ వెనక కమిట్ హ్యాష్ (కమిట్‌లోని విషయం నుంచి లెక్కగట్టే గుర్తింపు) మొదటి ముక్క. డర్టీ ఆప్షన్ కూడా పెడితే, కమిట్ చెయ్యని మార్పులతో కట్టిన బిల్డ్ వెంటనే దొరికిపోతుంది.

పాతకాపు:
ఆర్‌సీఎస్, సీవీఎస్ (గిట్‌కి ముందటి ఇలాంటి టూల్స్) రోజుల్లో ఫైల్ పైన డాలర్ల మధ్య ఐడీ అని రాస్తే చాలు, రివిజన్, తేదీ, రాసినవాళ్ల పేరు అవే నిండేవి. క్లయింట్ ఒక్క ఫైల్ మెయిల్ చేసినా అది 1.37 అని చూడగానే చెప్పేవాళ్లం. మీ డిస్క్రైబ్ ఒంటరి ఫైల్‌కి ఏం చెబుతుందండీ?

బిల్డ్‌రాయుడు:
ఏమీ చెప్పదు, ఒప్పుకుంటాను. కానీ మెర్జ్‌లో ఆ డాలర్ లైన్లే కదా కొట్టుకునేవి! సబ్‌వెర్షన్‌లో (ఇంకో పాత టూల్) నేనే బోల్తాపడ్డాను. అబౌట్ విండోలో రెవ్ కీవర్డ్ పెడితే నెలల తరబడి 412 దగ్గరే ఆగింది. మొత్తం రిపాజిటరీ (కోడ్ అంతా ఉండే చోటు) 590 దాటింది. అది ఆ ఫైల్ చివరిసారి మారిన రివిజన్ మాత్రమేనని అప్పుడు తెలిసింది. గిట్‌లో అయితే కమిట్ హ్యాష్‌ని అదే కమిట్‌లోని ఫైల్లో రాయడం కుదరదు. రాస్తే ఫైల్ మారుతుంది, దాంతో హ్యాషూ మారుతుంది.

పాతకాపు:
గిట్‌లోనూ ఐడెంట్ అట్రిబ్యూట్ (ఫైల్‌కి పెట్టే సెట్టింగ్) ఉంది. చెకౌట్‌లో (ఫైల్‌ని గిట్ బయటికి తీసేటప్పుడు) డాలర్ల మధ్య ఐడీ దగ్గర ఆ ఫైల్ బ్లాబ్ హ్యాష్ (ఆ ఫైల్ విషయానికే చెందిన హ్యాష్) నింపుతుంది. కమిట్ పేరు కాకపోయినా, దాన్ని పట్టుకుని ఫైల్ ఏ కమిట్లో వచ్చిందో వెతకొచ్చు. నాకది చాలు.

ప్యాకేజీ_పిచ్చోడు:
సోర్స్‌ని టార్‌బాల్‌గా (ఒకే ఫైల్లో మూటగట్టి) ఇస్తే డాట్-గిట్ ఫోల్డరే ఉండదు, డిస్క్రైబ్ చేతులెత్తేస్తుంది. దానికి ఎక్స్‌పోర్ట్-సబ్‌స్ట్ అనే అట్రిబ్యూట్ ఉంది, గిట్ ఆర్కైవ్ తీసేటప్పుడు కమిట్ వివరాలు నింపుతుంది. సీఐలో (బిల్డ్‌లు వాటంతటవే నడిచే సర్వర్లో) షాలో క్లోన్ (చివరి కొన్ని కమిట్లే తెచ్చే కాపీ) చేసేవాళ్లు ట్యాగులూ, ట్యాగ్ దాకా చరిత్రా కూడా తెచ్చుకోండి, లేకపోతే ఇదే గతి.

నలుగురిలో_ఒకడు:
హుక్ తీసేశాను, డిస్క్రైబ్ పెట్టాను. ప్రతి బిల్డ్‌కీ డర్టీ అనే వచ్చింది! చూస్తే, బిల్డ్ తిరగరాసే వెర్షన్.హెచ్ ఇంకా గిట్‌లోనే ట్రాక్ అవుతోంది. ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చినా లాభం లేకపోయింది. ఆర్ఎమ్-క్యాష్‌డ్ (ఫైల్‌ని డిస్క్‌లో ఉంచి గిట్ ట్రాకింగ్ నుంచి తీసే కమాండ్) కొట్టి కమిట్ చేశాకే పోయింది. పాతకాపు గారూ, ఐడెంట్ మాత్రం రెండు హెడర్లలో పెట్టాను.