వెనిగర్ ఉల్లిపాయలు మెత్తబడుతున్నాయి, రంగు రావట్లేదు. ఎవరైనా చెప్పండి

మారతహళ్ళి కొత్తకాపురం
మా ఆయనకు రోటీలోకైనా పప్పన్నంలోకైనా డాబాల్లో ఇచ్చే గులాబీరంగు ఉల్లిపాయ నంజుకోవడం ఇష్టం. ఇంట్లో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మెత్తబడి, తెల్లగా పాలిపోయాయి. కప్పు వెనిగర్, కప్పు నీళ్ళు, చెంచా ఉప్పు, రెండు చెంచాల పంచదార కలిపి మరగకాచి, సన్నగా తరిగిన ముక్కల మీద సలసలలాడుతుండగానే పోశాను. చల్లారాక పోయాలా? రంగెందుకు రావట్లేదు? బయట ఎన్నాళ్ళుంటాయి? మా ఫ్రిజ్ పాడై పదిరోజులైంది, ఇంటి ఓనర్ రేపుమాపు అంటున్నారు.

టీ నగర్ పిన్ని
పంచదార ఎందుకమ్మా అందులో? ఉల్లిపాయకు దానిదే తీపి ఉంది. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా నిమ్మకాయే. ముక్కలకు ఉప్పు రాసి, రెండు చెక్కలు పిండి, పచ్చిమిర్చి ఒకటి చీల్చి వేస్తాను. చారు పొంగేలోపు ఊరిపోతాయి. వెనిగర్ సీసా మా గడప తొక్కలేదు, తొక్కదు కూడా. ఆ సీసా మీద చిన్న అక్షరాల్లో ఏముందో చదువు, నీకే తెలుస్తుంది.

ఇరవైరెండేళ్ళ గరిటె
పిన్నిగారూ, నిమ్మకాయతో మీరు చేసేది సలాడ్. ఈ అమ్మాయి అడిగింది ఊరబెట్టిన ఉల్లిపాయ. నేను ఇరవైరెండేళ్ళు హోటల్ వంటింట్లో పనిచేశాను, అందులో పద్నాలుగేళ్ళు బెంగళూరులోనే. రోజుకు పదిహేను కిలోల ఉల్లిపాయ వెనిగర్‌లో వేసిన చేయి ఇది. నిమ్మరసం మర్నాటికి చేదెక్కుతుంది. వెనిగర్ వారమైనా అదే రుచి.

అమ్మాయీ, నీ తప్పు రెండు చోట్ల ఉంది. సన్నగా తరిగి మరిగే నీళ్ళు పోస్తే అది ఊరదు, ఉడుకుతుంది. వేడి చేసేది ఉప్పూ పంచదారా కరగడానికే. కరగగానే పొయ్యి కట్టేసి, వేలు పెట్టగలిగే గోరువెచ్చనకు దిగాక పోయాలి. రెండోది, చక్రాల్లా కోయకు. మొదలు నుంచి కొన దాకా నిలువుగా కోస్తే మర్నాడు కూడా కరకరలాడతాయి.

కడప ఎర్రగడ్డ
ముందు ఏ ఎర్రగడ్డ వాడుతున్నారో చెప్పండి అక్కా. రంగు సంగతి అక్కడుంది. తెల్లవి వేసి గులాబీరంగు రమ్మంటే యాడనుంచి వస్తుంది?

టీ నగర్ పిన్ని
ఇరవైరెండేళ్ళు చేశారేమో కాదనను. కానీ ఆ వెనిగర్ ఎలా తయారైందో అడిగారా ఒక్కసారైనా? సీసా మీద "సింథటిక్, అసిటిక్ యాసిడ్ నుంచి తయారైనది" అని రాసి ఉంటుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో యాసిడ్ నీళ్ళు అన్నంలోకి నంజుకోమంటారా?

ఇరవైరెండేళ్ళ గరిటె
యాసిడ్ అనగానే బాత్రూం కడిగేది అనుకోకండి. చెరకురసం పులిసినా, కల్లు పులిసినా చివరికి వచ్చేది ఆ అసిటిక్ యాసిడే. మన ఆహార నిబంధనల ప్రకారం పులియబెట్టినదైనా సింథటిక్‌దైనా కనీసం 3.75 శాతం ఉండాలి. సింథటిక్ అయితే ఆ మాట పైన రాయాలి. రాశారంటే దాచలేదని అర్థం. మీ నిమ్మకాయలో ఉన్నది సిట్రిక్ యాసిడ్. అదీ యాసిడే కదా?

వైట్‌ఫీల్డ్ రాత్రిడ్యూటీ
పిన్నిగారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. పులియబెట్టిన వెనిగర్‌కు ఉన్న వాసన, రుచి సింథటిక్‌కు రావు. నేను రెండూ పక్కపక్కన పెట్టి చేశాను. సింథటిక్‌ది ముక్కులోకి కొడుతుంది, తిన్నాక గొంతు దగ్గర పట్టేసినట్టు ఉంటుంది. కొబ్బరి వెనిగర్‌తో చేసి చూడండి, అసలు వదలరు.

ఇరవైరెండేళ్ళ గరిటె
వాసన తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ విషం అన్నట్టు మాట్లాడితే ఊరుకోను. ఆ ఉల్లిపాయ పెట్టి ఇంతమంది కడుపు నింపాను.

టీ నగర్ పిన్ని
విషం అని నేనెక్కడ అన్నాను? నా మాట తిప్పకండి. మా అబ్బాయికి అల్సర్ ఉంది, ఏం చూసుకుని వండాలో నాకు తెలుసు.

మారతహళ్ళి కొత్తకాపురం
ఇద్దరికీ దండం పెడతాను, గొడవ వద్దు. బయట ఎన్నాళ్ళుంటాయో ఎవరూ చెప్పలేదు. అన్నా, నేను వాడుతున్నది మామూలు పెద్ద ఉల్లిపాయే, పైన ఎర్రగానే ఉంది. లోపల తెల్లగా శుభ్రంగా కనిపించేదాకా రెండు పొరలు తీసేస్తాను.

కడప ఎర్రగడ్డ
అదిగో! రంగంతా ఆ పై పొరల్లోనే ఉంటుంది అక్కా, మీరు దాన్ని చెత్తబుట్టలో వేస్తున్నారు. ఎండిన పొట్టు మాత్రం తీయండి, దాని కింద ఊదారంగు పొర ఉంచండి. పులుపు తగిలితే ఆ ఊదా గులాబీ అవుతుంది. నిమ్మరసమైనా వెనిగరైనా అంతే.

ఇంకోమాట. మా కడప వైపు పండే కేపీ ఎర్రగడ్డ, అంటే కృష్ణాపురం రకం, దొరికితే వదలొద్దు. చిన్నగా, ఘాటుగా ఉంటుంది. మనవాళ్ళు కూరల్లోకి పెద్దగా వాడరు. సింగపూర్, మలేషియా వాళ్ళు కొనుక్కుంటారు.

చిక్కబళ్ళాపురం పొలం
కేపీ దాకా ఎందుకండీ, ఉన్నది బెంగళూరులో అయితే? మా దగ్గర పండే బెంగళూరు రోజ్ ఉల్లి ఉంది. 2015లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల పంట. అడుగు చదునుగా, నిమ్మకాయంత ఉంటుంది, కోస్తే లోపలి దాకా ముదురు రంగు. నిలువుగా నాలుగు చీలికలు పెట్టి కాయ విడిపోకుండా వెనిగర్‌లో వెయ్యండి. మూడు గంటల్లో రసం బీట్‌రూట్ వేసినట్టు తయారవుతుంది.

కడప ఎర్రగడ్డ
రోజ్ ఉల్లి మంచిదే అన్నా, కానీ ఘాటులో మాది ఒక మెట్టు పైనే. రెండూ తిన్నవాణ్ణి చెబుతున్నా.

చిక్కబళ్ళాపురం పొలం
రెండూ పండించినవాణ్ణి కాదు కాబట్టి ఘాటు మీద వాదించను. కానీ కష్టం ఇద్దరిదీ ఒకటే. 2020 సెప్టెంబర్‌లో ఎగుమతి ఆపేశారు. అక్టోబర్‌లో మీ కేపీకీ మా రోజ్‌కీ చెరో పదివేల టన్నులు పంపుకోవచ్చన్నారు, అదీ చెన్నై పోర్టు మీదుగా మాత్రమే. 2023 ఆగస్టులో 40 శాతం సుంకం వేసి, సెప్టెంబర్ చివర్లో మా రకానికి తీసేశారు. ఆ నెలరోజులూ మా చావడి ముందు గోనెసంచులు అలాగే ఉన్నాయి. అడుగు సంచులు చెమర్చి మొలకలొచ్చాయి. ఇక్కడివాళ్ళకు ఈ ఉల్లి పేరు కూడా తెలియదు, అందుకే పైదేశం తలుపు మూస్తే మాకు దిక్కుండదు. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు నెలకో కిలో కొన్నా మాకు ఊరటే.

మడివాళ బ్యాచిలర్
ధరలు, పోర్టులు తర్వాత అన్నా. నేను వెల్లుల్లి రెబ్బలు కూడా వేశాను, రెండో రోజుకు ఆకుపచ్చగా, కొన్ని నీలంగా మారాయి. భయమేసి సీసా మొత్తం పారబోశాను. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

ఇరవైరెండేళ్ళ గరిటె
పారబోశావా తమ్ముడూ! వెల్లుల్లికి పులుపు తగిలితే ఒక్కోసారి అలా రంగు మారుతుంది. బూజు కాదు, తినొచ్చు. దేంట్లో కాచావు?

మడివాళ బ్యాచిలర్
రూములో ఉన్న సత్తు గిన్నెలో.

ఇరవైరెండేళ్ళ గరిటె
అది మాత్రం చేయకు. సత్తు, ఇత్తడి, రాగి గిన్నెల్లో వెనిగర్ కాస్తే లోహం రసంలోకి దిగుతుంది. స్టీలు గిన్నెలో కాచి గాజు సీసాలో పొయ్యి. రేకు మూత ఉంటే లోపల ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి బిగించు, లేకపోతే నెలలో తుప్పు పడుతుంది.

వైట్‌ఫీల్డ్ రాత్రిడ్యూటీ
బయట పెట్టే సంగతి. మా అమ్మమ్మ ఆవకాయ ఏడాదంతా జాడీలో బయటే ఉండేది. ఇదీ ఊరగాయే కదా, పది రోజులు ఉండదా?

అంబత్తూరు ల్యాబు
ఉండదు. దయచేసి అలా చెప్పకండి. ఆవకాయలో అంత ఉప్పు, అంత కారం, పైన నూనె తెట్టె. ఇక్కడ నాలుగు శాతం వెనిగర్‌కు సమానంగా నీళ్ళు పోశాక మిగిలేది రెండు శాతం. ఆపైన ఉల్లిపాయ తన నీరు వదులుతుంది, ఇంకా పలచబడుతుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. ఆహారం విషమయ్యేలా చేసే బొటులినమ్ క్రిమి పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉన్నచోట పెరగదు. కానీ మీ సీసాలో పులుపు ఎంతుందో కొలిచే సాధనం వంటింట్లో ఉండదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకాపూట చేసుకుని తినేయండి. నేను రోజూ చేసే పని ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

టీ నగర్ పిన్ని
ఏ పూటకాపూట అయితే ఇంకేముంది, నిమ్మకాయే మేలు. నేను మొదట చెప్పింది అదే.

ఇరవైరెండేళ్ళ గరిటె
ఫ్రిజ్ బాగయ్యేదాకా నిమ్మకాయే. ఆ మాటకు నేనూ ఒప్పుకుంటాను. బాగయ్యాక మాత్రం వెనిగర్.

మారతహళ్ళి కొత్తకాపురం
నిన్న సాయంత్రం మా వీధి తోపుడుబండి మీద చిన్నవి, చదునుగా ఉన్నవి కనబడ్డాయి. రోజ్ ఉల్లి అవునో కాదో బండి ఆయనకూ తెలియదు. అరకిలో తెచ్చాను. ఊదా పొర తీయకుండా నిలువుగా కోసి, ఉప్పేసి చేత్తో రెండుసార్లు నలిపి, నిమ్మకాయ పిండాను. కుక్కర్ మూడో విజిల్ వచ్చేసరికి గిన్నె అడుగున గులాబీరంగు నీళ్ళు చేరాయి. మా ఆయన పప్పన్నంలోకి తిని, ఆ నీళ్ళు కూడా పెరుగన్నంలో కలుపుకున్నారు. ఫ్రిజ్ మెకానిక్ శనివారం వస్తానన్నాడు. అన్నా, చీలికలు పెట్టి కాయ మొత్తంగా వేసేటప్పుడు వెనిగర్, నీళ్ళు సమానమేనా, వెనిగర్ ఎక్కువా?

చిక్కబళ్ళాపురం పొలం
మా ఇంట్లో రెండు పాళ్ళు వెనిగర్, ఒక పాలు నీళ్ళు అమ్మా. ఈసారి కొనేటప్పుడు తొడిమ దగ్గర నొక్కి చూడు, మెత్తగా ఉంటే వద్దు.