బిల్లుల్ని పరిశీలించే సెలెక్ట్ కమిటీకి (ఒకే సభ సభ్యుల కమిటీ), జేపీసీకి (రెండు సభల ఎంపీల సంయుక్త కమిటీ) మన మాట చేరాలంటే ఎలా? తెలుగులో రాయొచ్చా?

గోదారిగట్టు:
ఏదైనా బిల్లు జేపీసీకి వెళ్లినప్పుడు "ప్రజల నుంచి సూచనలు ఆహ్వానిస్తున్నాం" అని లోక్‌సభ సచివాలయం పేపర్లలో ప్రకటన ఇస్తుంది కదా. అందులో మామూలు మనిషి రాసింది ఎవరైనా చదువుతారా? ఎలా రాయాలి? తెలుగులో పంపితే తీసుకుంటారా? కమిటీ ముందుకెళ్లి మాట్లాడే అవకాశం సంఘాలకేనా, విడి వ్యక్తులకు కూడానా? వాట్సాప్‌లో తిరిగే రెడీమేడ్ ఈమెయిల్ లింకుల వల్ల ఉపయోగం ఉందా?

క్లాజుబాబు:
ముందు గడువు చూసుకోండి. సాధారణంగా ప్రకటన వచ్చిన రోజు నుంచి 15 రోజులే ఇస్తారు. 2024లో వక్ఫ్ సవరణ బిల్లు జేపీసీ కూడా అంతే ఇచ్చింది. ప్రకటనలో అడిగేది ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రెండు ప్రతులు. తెలుగులో ఆలోచించి రాసుకోండి, పంపేది మాత్రం ఆ రెంటిలో ఒక భాషలో ఉండాలి. చిరునామా, ఈమెయిల్ కమిటీని బట్టి మారతాయి కాబట్టి పాతవి వాడకుండా ఆ ప్రకటనలో ఉన్నవే తీసుకోండి.

ఇక రాయడం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పేపర్లో వచ్చిన వార్త చదివి రాయకండి. లోక్‌సభ సైట్‌లో "ప్రవేశపెట్టిన రూపం"లో ఉన్న బిల్లు దించుకుని, దాని నంబరు, సంవత్సరం పైన వేయండి. సవరణ బిల్లయితే క్లాజుకీ సెక్షన్‌కీ తేడా చూసుకోవాలి. బిల్లులోని 5వ క్లాజు పాత చట్టంలోని 12వ సెక్షన్‌ని మార్చవచ్చు. మీరు ఉత్త "12" అని రాస్తే చదివేవాళ్లు బిల్లులో 12వ క్లాజు తీసి చూస్తారు, అక్కడ ఇంకేదో ఉంటుంది. రెండూ రాయండి.

ఒక్కో క్లాజుకి మూడు ముక్కలు చాలు: ఇప్పుడున్న మాటలు, వాటివల్ల వచ్చే చిక్కు, వాటి బదులు మీరు కోరే మాటలు. మూడోది చాలామంది వదిలేస్తారు, అసలు పనికొచ్చేది అదే. కమిటీలో చివరికి క్లాజు తర్వాత క్లాజు తీసుకుని సభ్యులు సవరణలు ప్రతిపాదిస్తారు. "ఈ క్లాజు అన్యాయం" అన్న వాక్యాన్ని ఏ ఎంపీ సవరణగా పెట్టలేడు. "30 రోజులు" ఉన్నచోట "90 రోజులు" అని మార్చాలంటే పెట్టగలడు. మొదటి పేజీలో సారాంశం, మొత్తం నాలుగైదు పేజీలు, లెక్కలూ పత్రాలూ అనుబంధంగా.

బిల్లులో "నిర్దేశించిన విధంగా" అన్న మాట ఎన్నిచోట్ల ఉందో కూడా వెతకండి. అంటే ఆ సంగతి తర్వాత ప్రభుత్వం నియమాల్లో తేల్చుకుంటుందన్నమాట. అసలు ప్రమాదం చాలాసార్లు అక్కడే దాక్కుని ఉంటుంది.

రెడీమేడ్ ఈమెయిళ్ల విషయం: వక్ఫ్ బిల్లుకి 97 లక్షలకు పైగా వినతులు వచ్చాయి. ఒకే నమూనాని వెయ్యిమంది పంపినా అందులో వాదన ఒక్కటే.

గోదారిగట్టు:
థాంక్యూ బాబు గారూ. మరి స్వయంగా మాట్లాడే సంగతి?

అనెక్స్‌గేటు:
వ్యక్తులు కూడా అడగొచ్చు. కాకపోతే "కమిటీ ముందు హాజరై చెప్పదలిచాను" అని ఆ వినతిపత్రంలోనే స్పష్టంగా రాయాలి. తర్వాత వేరే ఉత్తరం రాద్దాంలే అనుకుంటే సాక్షుల జాబితా ఈలోపు అయిపోవచ్చు. పిలవాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం, దాని మీద అప్పీలు లేదు. కమిటీలు కొన్నిసార్లు ఊళ్లకూ వస్తాయి. వక్ఫ్ జేపీసీ 2024 సెప్టెంబరు చివర్లో హైదరాబాదులో కూర్చుంది.

పిలిస్తే దొరికేది కొద్ది నిమిషాలే. రాసి పంపింది మళ్లీ చదవకండి, రెండు క్లాజులు ఎంచుకుని వాటి మీదే మాట్లాడండి.

గోప్యత గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నా. కమిటీ సమావేశాలు లోపలే జరుగుతాయి, ప్రేక్షకులుండరు. మీరు పంపిన పత్రం కమిటీ రికార్డులో భాగమవుతుంది. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టడం, లోపల ఏం జరిగిందో టీవీకి చెప్పడం సభాహక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు. మీరు కమిటీ ముందు చెప్పిన సాక్ష్యాన్ని మాత్రం కమిటీయే ప్రచురించే అవకాశం ఉంటుంది. ఏదైనా భాగం బయటికి రాకూడదనుకుంటే ఆ మాట అక్కడే చెప్పాలి. అప్పుడు కూడా ఎంపీలకు అందుబాటులో ఉంటుంది.

బెజవాడ బావ:
తెలుగు మీద చిన్న సవరణ. బిల్లు మీద వినతి వేరు, సభకు పిటిషన్ వేరు. లోక్‌సభకు పిటిషన్ ఇతర భారతీయ భాషల్లోనూ పెట్టొచ్చు, కాకపోతే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతచేసి దానిమీద కూడా సంతకం చేయాలి. ఎంపీ ద్వారా పెడితే ఆ ఎంపీ కూడా దానిమీద సంతకం (కౌంటర్ సంతకం) చేయాలి. ఉత్తరాలు, అఫిడవిట్లు దానికి తగిలించకూడదు.

ఇంకోటి, బిల్లు కమిటీకి "వెళ్లింది" అన్న వార్త చూసి పని అయిపోయిందనుకోకండి. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుల్ని ఏపీ శాసన మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు, ఆ కమిటీ ఏర్పడనే లేదు. ఇక సూచనలు అడిగేదెవరు?

క్లాజుబాబు:
నిజమే బావా. వ్యక్తిగత డేటా బిల్లుదీ అదే గోల. జేపీసీ రెండేళ్లు కూర్చుని 81 సవరణలు సూచిస్తే, 2022 ఆగస్టులో బిల్లునే వెనక్కి తీసుకున్నారు. 2023లో వచ్చిన కొత్త బిల్లు కమిటీ గడప తొక్కకుండానే రెండు సభలూ దాటింది.

అందుకే గోదారిగట్టు గారూ, బిల్లు సభకు రాకముందు ఉండే ముసాయిదా దశ కూడా కనిపెట్టుకుని ఉండండి. శాఖలు ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందుంచాలని కేంద్రం 2014లో విధానం పెట్టుకుంది. అది చట్టం కాదు, తప్పించుకునే దారులున్నాయి. కానీ శాఖ సైట్‌లో పెట్టినప్పుడు పైన చెప్పిన మూడు ముక్కల పద్ధతిలోనే పంపండి. అదే కాగితం తర్వాత కమిటీకి కూడా పనికొస్తుంది, క్లాజు నంబర్లు మారాయేమో చూసుకోండి చాలు.