ఆరుగురు మనుషులు, 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్: ఏ పికప్ తీసుకోవాలి?

ఫ్రిస్కో_శీను
అందరికీ నమస్తే. మినీవ్యాన్ ఇచ్చేసి పికప్ తీసుకుందామని చూస్తున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఏడాదిలో సగం రోజులు అమ్మానాన్న కూడా ఇక్కడే ఉంటారు. ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) ఒకటి నచ్చింది. నీళ్ళు, సామాను నింపాక 7,000 పౌండ్ల దాకా వస్తుంది. బిగ్ బెండ్ పార్కు, వేసవిలో కొలరాడో వెళ్ళాలని ఆశ. మిగతా రోజుల్లో ప్లానోలో ఆఫీసు, పిల్లల స్కూలు, కాస్ట్‌కో. ఫోర్డ్ ఎఫ్-150 ఎకోబూస్ట్ (టర్బో పెట్రోల్ ఇంజిన్), ఎఫ్-150 హైబ్రిడ్, టయోటా టండ్రా, జీఎమ్ వాళ్ళ షెవర్లే సిల్వరాడో, రామ్ 1500 చూస్తున్నా. లాగడానికి ఏది నయం? 20 అడుగుల గరాజ్‌లో పడుతుందా? ఆరో సీటు దేంట్లో వస్తుంది? మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ ఎక్కగలగాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పవర్‌బూస్ట్_ప్రసాద్
ఇంకేం ఆలోచించకుండా హైబ్రిడ్ తీసుకోండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్ సగం చీకట్లో ఉన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్, హీటర్ ఫ్యాన్, పసిపిల్లకి పాలు వేడిచేసుకునే కుక్‌టాప్ అన్నీ బండి మీదే నడిచాయి. 7.2 కిలోవాట్ల కరెంటు బెడ్‌లోని (వెనక సామాను తొట్టిలోని) ప్లగ్గుల నుంచే వస్తుంది, 240 వోల్టుల ప్లగ్గుతో సహా. పక్కింటి పెద్దాయనకి ఆక్సిజన్ మిషన్ ఉంటే దానికీ మేమే వైరు లాగి ఇచ్చాం. క్యాంపింగ్‌కి వేరే జనరేటర్ మొయ్యక్కర్లేదు, రాత్రి దాని చప్పుడూ ఉండదు. ఆఫీసుకి వెళ్ళొచ్చేటప్పుడు గ్యాస్ (పెట్రోల్) ఆదా.

ట్రక్కు_బుల్లోడు
దీనికి ఇంత టెన్షన్ దేనికి శీనూ? ఎకోబూస్ట్ 3.5 సరైన ప్యాకేజీతో 13,500 పౌండ్లు లాగుతుంది. టండ్రా 12,000. నీ ట్రైలర్ 7,000. సగమే. నేను ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ట్రక్కులు నడుపుతున్నా, సీడీఎల్ (భారీ బళ్ళ లైసెన్సు) ఉంది, 18 చక్రాల బండి తోలిన చేతులివి. ఏది తీసుకున్నా లాగుతుంది. రంగు నచ్చింది తెచ్చుకో.

ఇర్వింగ్_లక్ష్మి
బుల్లోడు గారూ, దయచేసి ఇలా చెప్పకండి. బ్రోచర్‌లో ఉన్న 13,500 చూసి కుటుంబాన్ని ఎక్కించుకుని రోడ్డెక్కేవాళ్ళు ఎక్కువైపోయారు.

శీను తమ్ముడూ, లాగే బరువు పక్కన పెట్టు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు రంగు గీతతో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. అదే పేలోడ్. ట్రైలర్ ముక్కు హిచ్ (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు కూడా అందులోంచే పోతుంది. ట్రావెల్ ట్రైలర్‌కి అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకో, 910 పౌండ్లు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇనుము ఇంకో 90. ఆరుగురు మనుషులు ఎంత తగ్గించి వేసినా 850. అప్పుడే 1,850 అయింది. ఇంకా కూలర్ లేదు, పిల్లల సైకిళ్ళు లేవు, అమ్మ తెచ్చే ఆవకాయ జాడీ లేదు. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, పెద్ద చక్రాలు ఉన్న పై ట్రిమ్ (ఖరీదైన వెర్షన్) బళ్ళలో ఆ స్టిక్కర్ మీద చాలాసార్లు 1,300, 1,400 లాంటి అంకెలే కనిపిస్తాయి. హైబ్రిడ్‌కి బ్యాటరీ బరువు కూడా కలుస్తుంది. లాగే అంకెలో సగం దగ్గరే ఉన్నా పేలోడ్ మాత్రం ఎప్పుడో దాటిపోయి ఉంటావు.

నాకు క్యాటరింగ్ ఉంది. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి ఫుడ్ ట్రైలర్ లాక్కుని వెళ్తాను. గ్రైండర్లు, సిలిండర్లు, నీళ్ళ ట్యాంకు, నలుగురు మనుషులు. అందుకే గ్యాస్ ఇంజిన్ ఎఫ్-250 కొన్నాను, ఎఫ్-150 కంటే ఎక్కువ బరువు మోసే తరగతి అది.

ట్రక్కు_బుల్లోడు
అక్కా, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే ఆ బరువంతా ముందు చక్రాలకి, ట్రైలర్ చక్రాలకి పంచేస్తుంది. పేలోడ్ సమస్య అక్కడే తీరిపోతుంది. 7,000 పౌండ్లకి ఎఫ్-250 కొనమంటే పాపం వాడు దివాలా తీస్తాడు.

ఇర్వింగ్_లక్ష్మి
తీరదు. వెనక యాక్సిల్ మీది బరువులో కొంత ముందు యాక్సిల్‌కి పోతుంది, అది కూడా ట్రక్కే మోస్తుంది. ట్రైలర్ చక్రాలకి వెనక్కి వెళ్ళేది కొంచెమే. బండి మొత్తం మోయగలిగిన పరిమితి ఏ హిచ్‌తోనూ పెరగదు. హిచ్ వల్ల స్టీరింగ్ పట్టు నిలబడుతుంది, వెనక కుంగదు. అది చాలా అవసరం, ఒప్పుకుంటా. కానీ స్టిక్కర్ మారదు.

ట్రక్కు_బుల్లోడు
నేను అంతకంటే ఎక్కువ వేసుకుని అమరిల్లో దాకా వెళ్ళొచ్చా. ఏమీ కాలేదు.

కొలరాడో_రావు
ఏమీ కాలేదన్నది లెక్క కాదు సర్. నేను డెన్వర్‌లో ఉంటాను. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఉంటుంది. ఎక్కడం గురించే అందరూ అడుగుతారు, అసలు పరీక్ష దిగడంలో ఉంది. డెన్వర్ వైపు దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వేసవిలో రోజూ వస్తుంది. టో-హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి గేర్ల సెట్టింగ్) వేసి, గేరు తగ్గించి, ఇంజిన్‌తో వేగం ఆపుకోవాలి. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచే వేసేది) ఫ్యాక్టరీ నుంచే వచ్చిన బండి తీసుకోండి. ఎత్తుకి పోయేకొద్దీ టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంపు) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. ఎకోబూస్ట్, టండ్రా, రామ్‌లో కొత్త హరికేన్ ఇంజిన్ అన్నీ ట్విన్ టర్బోలే, అక్కడ వాటికి ఇబ్బంది తక్కువ. సిల్వరాడోలో 3.0 డీజిల్ ఉంది, దిగేటప్పుడు దాని ఎగ్జాస్ట్ బ్రేక్ హాయిగా ఉంటుంది.

టయోటా_తప్ప_వద్దు
టండ్రా మన టెక్సాస్ బండి, శాన్ ఆంటోనియోలో తయారవుతుంది. మా నాన్న కరోలా, నా క్యామ్రీ, మా తమ్ముడి టకోమా, అన్నీ 2 లక్షల మైళ్ళు దాటాయి. అమ్మేటప్పుడు విలువ చూడండి, అప్పుడు మాట్లాడదాం.

హెమీ_హరి
పాత 5.7 వీ8 టండ్రాకి ఆ పేరు సరిపోతుంది. 2022లో వచ్చిన కొత్త ట్విన్ టర్బోకి కాదు. ఇంజిన్‌లో మెషినింగ్ చెత్త మిగిలిపోయిందని 2024లో లక్షకి పైగా బళ్ళు టయోటానే వెనక్కి పిలిచింది కదా. ఇంజిన్ మార్చాల్సినంత పని.

టయోటా_తప్ప_వద్దు
పిలిచింది, మార్చింది. మిగతా వాళ్ళ సంగతి కూడా చెప్పు మరి. జీఎమ్ 6.2 వీ8 ఇంజిన్లు 2025లో సుమారు 6 లక్షలు రీకాల్. కొన్నిటికి ఇంజిన్ మార్పు, మిగతావాటికి చిక్కటి ఆయిల్ పోసి పంపిస్తున్నారు. మీ రామ్ వాళ్ళు 2025లో హెమీ వీ8 ఇంజిన్‌నే తీసేశారు, జనం గొడవ చేస్తే 2026కి మళ్ళీ తెచ్చారు.

హెమీ_హరి
జనం అడిగితే తెచ్చిన కంపెనీని తప్పు పడతావా? ఆ వీ8 శబ్దం వింటే తెలుస్తుంది ఎందుకడిగారో.

నెల్లూరు_నాయుడు
ఇండియా నుంచి రాస్తున్నా. అమెరికాలో టయోటా హైలక్స్ పికప్ ఎందుకు లేదు అన్నా? మా దగ్గర 2022 నుంచి అమ్ముతున్నారు. మా దగ్గర శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ ఉంది, 2016 నుంచి నడుస్తోంది. వీ-క్రాస్ పికప్ అక్కడే చేస్తారు. నా దగ్గర అదే ఉంది. రొయ్యల చెరువులకి మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు వేసుకుని బురద గట్ల మీద తిరుగుతుంది, సాయంత్రం అదే బండిలో పిల్లల్ని ట్యూషన్ నుంచి తెస్తా. మీరు చెప్పే ఈ 6,000 పౌండ్ల బళ్ళు మా సందులో తిరగనే తిరగవు.

కొలరాడో_రావు
చికెన్ ట్యాక్స్ అని 1964 నుంచి బయటి దేశాల్లో చేసిన ట్రక్కుల మీద 25 శాతం సుంకం ఉంది. యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం వేస్తే దానికి బదులుగా ఇక్కడ వేశారు. కోళ్ళ గొడవ పోయింది, ట్రక్కుల సుంకం మిగిలింది. హైలక్స్ రాకపోవడానికి అది పెద్ద కారణం.

పవర్‌బూస్ట్_ప్రసాద్
సుంకాల చర్చకి వేరే థ్రెడ్ పెట్టుకోండి. శీను గారూ, హైబ్రిడ్ కూడా 11,000 పౌండ్లకి పైగా లాగుతుంది, మీకు చాలు.

ఇర్వింగ్_లక్ష్మి
మళ్ళీ అదే మాట. లాగడం గురించి ఎవరు అడిగారు ప్రసాద్ గారూ? మీ బండి తలుపు స్టిక్కర్ మీద ఎంత ఉందో రాయండి.

పవర్‌బూస్ట్_ప్రసాద్
నేను లాగేది బోటు. లేక్ లూయిస్‌విల్ దాకా, ఇద్దరమే వెళ్తాం. నాకు ఎప్పుడూ లోటు రాలేదు.

టెక్సోమా_సుజాత
బోటు అనుభవాన్ని ట్రావెల్ ట్రైలర్‌కి పెట్టకండి. నా దగ్గర రెండూ ఉన్నాయి. బోటు ట్రక్కు వెనక గాలి నీడలో దాక్కుంటుంది. ట్రావెల్ ట్రైలర్ ముఖం గోడలా గాలిని కొడుతుంది. బరువు ఒకటే అయినా దానితో హైవే మీద గ్యాలన్‌కి 9, 10 మైళ్ళే వస్తాయి, ఏ కంపెనీ బండైనా. 36 గ్యాలన్ల ట్యాంకు ఉన్న ఎఫ్-150 వస్తే అది చూసుకోండి, పశ్చిమ టెక్సాస్‌లో బంకుల మధ్య దూరం చాలా ఎక్కువ.

ఇక ఊగడం. ఎద్దుల బండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు: బరువు ముందుకెక్కితే కాడి ఎద్దు మెడని నొక్కుతుంది, వెనక్కెక్కితే కాడి పైకి లేచి బండి మాట వినదు. ట్రైలర్ కూడా అంతే. ముక్కు బరువు తగ్గిద్దామని సామానంతా వెనక్కి సర్దితే పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. అప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలి ట్రైలర్ బ్రేకు మాత్రం చేత్తో నొక్కాలి. ఆ కంట్రోలర్ మీట ఎక్కడుందో మొదటిరోజే చెయ్యికి అలవాటు చేసుకోండి. మా తోటివాళ్ళ కుటుంబం ఇలాగే డివైడర్ ఎక్కింది, దేవుడి దయవల్ల అందరూ బతికారు. అందుకే లక్ష్మి గారి మాట వినమంటున్నా.

ట్రక్కు_బుల్లోడు
భయపెట్టడం తప్ప ఏం లేదు ఇక్కడ. డ్రైవింగ్ వచ్చినవాడికి ఏదీ ఊగదు.

ఇర్వింగ్_లక్ష్మి
మీ డ్రైవింగ్‌ని నేను అనలేదు. సీడీఎల్ ఉన్నవాళ్ళకి తూకం వేయించకుండా రోడ్డెక్కకూడదని నేర్పిస్తారు. 18 చక్రాల బండికి పాటించిన నియమం ఆరుగురు మనుషులున్న బండికి ఎందుకు వద్దంటున్నారు? పైలట్, లవ్స్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) ఉంటుంది, కొద్ది డాలర్లు. ఎక్కించి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

సీపీఏ_కిరణ్
ఎవరూ పన్ను సంగతి ఎత్తలేదు. 2025 నుంచి 2028 దాకా అమెరికాలో అసెంబుల్ అయిన కొత్త బండి సొంత వాడకానికి కొంటే లోన్ వడ్డీలో ఏడాదికి 10,000 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. విన్ నంబర్ (బండి మీద ఉండే గుర్తింపు సంఖ్య) 1, 4, 5తో మొదలైతే ఇక్కడ తయారైంది, 3 అయితే మెక్సికో. ఒకే మోడల్ రెండు చోట్లా తయారవుతుంది, సిల్వరాడో అలాంటిదే, అందుకే బండిబండికీ చూడాలి. కానీ భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే తగ్గుతూ పోతుంది. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్ళకి పెద్దగా మిగలదు, దాని కోసమని బండి ఎంచుకోవద్దు.

మెకిన్నీ_మాధవి
అమ్మగారి మోకాళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మా అత్తగారికీ అదే బాధ. ఫ్యాక్టరీ గొట్టం మెట్లు సన్నగా ఉండి కాలు జారుతుంది. వెడల్పాటి పలక మెట్లు, లేదా తలుపు తీయగానే కిందకి దిగే పవర్ మెట్లు పెట్టించండి. వెనక తలుపు దగ్గర స్తంభానికి పట్టుకునే పిడి ఉందో లేదో షోరూమ్‌లోనే చూడండి. రామ్‌లో ఎయిర్ సస్పెన్షన్ తీసుకుంటే ఆగినప్పుడు బండి కిందకి దిగుతుంది, పెద్దవాళ్ళకి అది బాగా నచ్చింది. ఆ ఆప్షన్ కూడా పేలోడ్ తింటుంది, గుర్తుంచుకోండి. ఆరో సీటుకి ముందు బెంచ్ ఉండాలి, అది ఎక్కువగా కింది ట్రిమ్స్‌లో వస్తుంది. గరాజ్ కొలత నీళ్ళ హీటర్ వదిలేసి తీసుకోండి. ఐదున్నర అడుగుల బెడ్ ఉన్నవి ఏవైనా 19 అడుగులు దాటే ఉంటాయి. వెనక సీట్లు విశాలంగా ఉండే పెద్ద క్యాబ్‌కి ఆరున్నర బెడ్ అయితే 20 అడుగుల్లో పట్టదు.

ఫ్రిస్కో_శీను
అందరికీ థాంక్స్. నిన్న డీలర్ల దగ్గర తలుపులు తెరిచి స్టిక్కర్లే చదివాను. ఎఫ్-150 ప్లాటినమ్ హైబ్రిడ్ 1,390. అదే వరసలో ఉన్న కింది ట్రిమ్ ఎక్స్‌ఎల్‌టీ ఎకోబూస్ట్, బెంచ్ సీటుతో, 1,840. సేల్స్ అబ్బాయికి లెక్క చూపిస్తే టోయింగ్ అంకె మళ్ళీ చదివి వినిపించాడు. లక్ష్మి అక్కా, మీ లెక్క ప్రకారం ఎక్స్‌ఎల్‌టీ కూడా నిండిపోయింది. ట్రైలర్ చిన్నది చూడాలా, మీ ఎఫ్-250 లాంటి 2500 తరగతి బండికి వెళ్ళాలా?

ఇర్వింగ్_లక్ష్మి
రోజూ ఆఫీసుకి కూడా ఇదే బండి కదా. ఎక్స్‌ఎల్‌టీ తీసుకుని ట్రైలర్‌ని నింపాక 5,000 దగ్గరికి తగ్గించు. ముక్కు బరువు 650 దగ్గర ఆగుతుంది, అమ్మానాన్న ఉన్నా నీకు 250 మిగులుతుంది. ఆ ట్రైలరే కావాలనుకుంటే 2500 గ్యాస్ ఇంజిన్ చూడు. డీజిల్ వద్దు, ఆ ఇంజిన్ బరువే పేలోడ్ తినేస్తుంది. ఖాళీగా నడిపితే గట్టిగా కుదుపుతుంది, మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళని ఒకసారి వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పి, అప్పుడు సంతకం పెట్టు.

ట్రక్కు_బుల్లోడు
7,000కి ఎఫ్-150 చాలు. నా మాట మారదు.

టెక్సోమా_సుజాత
శీను గారూ, హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) కాగితాలు కూడా చదవండి. మా కాలనీలో ట్రైలర్ డ్రైవ్‌వేలో ఉంచనివ్వరు. స్టోరేజీ అద్దె కలిపి బడ్జెట్ వేసుకోండి. పైకప్పు ఉన్న చోటు దొరికితే వదలొద్దు, ఇక్కడ వడగళ్ళు పడితే ట్రైలర్ పైకప్పే ముందు పోతుంది.